చారు బకెట్టుకి ఎన్ని మార్కులు?

నిన్న గుంటూరులో మా మేనకోడలి గృహప్రవేశం. పాలు పొంగాయి, వ్రతం అయింది, కథలు అయిదూ విన్నాం. అసలు గొడవంతా భోజనాల దగ్గర కాబట్టి మిగతావి వదిలేస్తున్నాను.

డాబా మీద బఫే అనుకున్నారు. బల్లలు కూడా పైకి చేర్చారట. మా బావగారు వాటిని కిందికి దింపించి చాపలు పరిపించారు. నేలమీద కూర్చుని లేవగలిగినవాడిదే ఆయుష్షు అని ఆయన సిద్ధాంతం. రిటైరయ్యాక మా ఫ్యామిలీ గ్రూపుకి ఆరోగ్యశాఖ ఆయనదే. పొద్దున్నే ఒక గులాబీ, వెనకే ఒక వీడియో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన పళ్ళెం లెక్క నాకు కంఠతా వచ్చిందంటే ఆయన పుణ్యమే: రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, నూనె 27. ఆ 27 చెప్పిన నోటితోనే నిన్న, "బూరెకి గుంట చేసి నెయ్యి పోయించుకోవోయ్, మొహమాటపడకు" అన్నదీ ఆయనే.

నాకు 52. రోజూ ముప్పావుగంట నడుస్తాను. వారానికి 150 నిమిషాలు చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థకి రెట్టింపు కడుతున్నానన్నమాట. వారానికి రెండు రోజులు కండరాలకి కూడా పని చెప్పమని వాళ్ళే రాశారు. ఆ వాక్యం దగ్గరికి రాగానే నాకు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ముప్పై దాటాక పదేళ్ళకి 3 నుంచి 8 శాతం కండ తరిగిపోతుందట. నాకు తరిగిందేమో తెలీదు గాని, నడుము చుట్టూ వేరే సరుకు దిగింది.

సరే, మా వరుస పెరుగన్నం ముగించింది. ఎదురు వరుసలో వియ్యాలవారు. వాళ్ళకి అప్పుడే చారు వస్తోంది. బావగారు చప్పట్లు కొట్టి ప్రకటించారు: "ఎవరూ చేతులు ఆనించకూడదు! పదికి మార్కులు. కూర్చోడానికి అయిదు, లేవడానికి అయిదు. చెయ్యి గాని మోకాలు గాని ఆనితే ఒకటి కట్. తూలితే అర." ఇది బ్రెజిల్ వాళ్ళ పరీక్షట. 51 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళని 2002 మందిని కూర్చోబెట్టి లేపి, తర్వాత ఎవరెవరు పోయారో లెక్క రాసుకుని 2012లో అచ్చేశారు. మార్కులు తగ్గినవాళ్ళే ఎక్కువ పోయారట. శుభమా అని గృహప్రవేశం పూట ఈ చావుల లెక్కేమిటండీ అంటే వినరు. "ముందు నువ్వు లేవవోయ్, నీతోనే మొదలు."

ఇంతకీ ఆయన ఎక్కడ కూర్చుని అన్నారీ మాట? కుర్చీలో. డాక్టరు కింద కూర్చోవద్దన్నాడట, మోకాళ్ళు.

ఇక్కడ నా పరిస్థితి కొంచెం వివరంగా చెప్పాలి. కుడిచెయ్యి ఎంగిలి. వేళ్ళ మధ్య పెరుగన్నం ఆరి బిగుసుకుంది. దాన్ని చాపకి ఆనిస్తే మార్కుల మాట అటుంచి మా అక్క ఊరుకోదు. ఎడంచెయ్యి పంచె దగ్గర కాపలా. ఎందుకంటే అది వెల్క్రో పంచె. పంచె కట్టుకోవడం రాని మా తరం కోసం ఎవరో మహానుభావుడు కనిపెట్టాడు, నడుం దగ్గర అంటిస్తే చాలు. షాపులో నిలబడి అంటించుకుంటే భేషుగ్గా ఉంటుంది. మూడు బూరెలు తిన్నాక ఎంతవరకు ఆగుతుందన్నది ఆ అట్టపెట్టె మీద ఎక్కడా రాయలేదు. ఆ రకంగా నా రెండు చేతులూ ముందే వేరే డ్యూటీలో ఉన్నాయి. బ్రెజిల్ వాళ్ళు కూడా ఇంత నిజాయితీగా పరీక్ష పెట్టి ఉండరు.

ముందుకి వంగాను. నడుము లేచింది. ఎడం మోకాలు చాపకి తగిలింది. "ఒకటి కట్!" అరిచారు బావగారు. ఇంకాస్త లేచాను. కుడి మడమ కింద ఏదో మెత్తగా తగిలింది. జరీ అంచు. నేను పైకి, పంచె కిందికి. చర్ర్‌ర్‌మంది. ఆ చప్పుడుకి సన్నాయి వాయిస్తున్నాయన కూడా ఒక్క క్షణం ఆపాడు. ఎడంచెయ్యి పంచెని ఒడిసి పట్టుకుంది. ఒళ్ళు పక్కకి ఒరిగింది. "అర!" అన్నారు బావగారు. కుడిచెయ్యి గాల్లో దొరికినదాన్ని పట్టుకుంది. దొరికింది చారు బకెట్టు.

పట్టుకున్నది పిడి అయితే సర్దుకునేవాళ్ళం. అంచు పట్టుకున్నాను. నాలుగు వేళ్ళూ లోపలికి. వేడి చారు.

"అయ్యయ్యో, ఎంగిలి చెయ్యిరా!" మా పెద్దత్తయ్య కేక. వడ్డించే కుర్రాడు బకెట్టులోకి చూశాడు, నా వేళ్ళవైపు చూశాడు, గరిట అందులో వదిలేసి వెళ్ళిపోయాడు. వంట మేస్త్రీ వచ్చి, చారు ఆ ఒక్క బకెట్టేనని, కావాలంటే మళ్ళీ కాచాలని చెప్పాడు. వియ్యంకుడుగారు అన్నం కలపడానికి గుంట చేసుకుని కూర్చున్నారు. "పర్లేదు, మాకు చారు అలవాటు లేదు" అన్నారాయన. ఆ "మాకు" నా చెవుల్లో ఇంకా ఉంది.

ఇంత జరుగుతుంటే బావగారికి పట్టింది మాత్రం లెక్క. "బకెట్టు పట్టుకున్నాడు, ఇంకోటి కట్." మా మేనల్లుడు ఫోన్లో వెతికి, "రూల్సులో బకెట్టు గురించి ఏమీ లేదు నాన్నా, మామయ్య చెయ్యి నేలకి ఆనలేదు కదా" అన్నాడు. తండ్రీకొడుకులు దాని మీద వాదించుకున్నంతసేపూ నేను ఒక చేత్తో పంచె, ఒక చేత్తో చారు కార్చుకుంటూ అలాగే నిలబడ్డాను. చెయ్యి కడుక్కుని రా అన్నవాళ్ళు ఒక్కరు లేరు. చివరికి కూర్చునేటప్పుడు నేను గోడ పట్టుకోవడం కూడా చూశానని బావగారు ఇంకోటి కోసి, మొత్తం ఆరున్నర తేల్చారు.

పంచె ఊడిన దగ్గర్నుంచి ఎవరో వీడియో తీశారు. రాత్రికి గ్రూపులోకి వచ్చింది. కింద బావగారి మాట: "మధ్యవయసులో కాళ్ళకి వ్యాయామం ఎందుకు అవసరమో చూడండి." దాన్ని పిన్ కూడా చేశారు. తీసేద్దామంటే నేను అడ్మిన్ని కాను.