టెస్టు మీద గీత పడగానే పిల్లి బతుకు ముగిసిపోదు

మొన్న ఆదివారం మహబూబ్‌నగర్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. నాలుగు నెలల పిల్లికూనకు జ్వరం తగ్గడం లేదని హైదరాబాదుకు తీసుకుపోతే, అక్కడ కొన్ని చుక్కల రక్తంతో పది నిమిషాల్లో టెస్టు చేసి, ఫెలైన్ ల్యుకేమియా అనే పిల్లుల వైరస్ జబ్బు పాజిటివ్ అని చెప్పి, ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చడమే మంచిదన్నారట. "ఏం చెయ్యాలె చిన్నమ్మా, రేపటి వరకు చెప్పుమన్నరు" అని అడిగింది. మూడేళ్ళ కిందట మా పిల్లి చుక్క విషయంలో నేను విన్నది కూడా ఈ మాటే. చుక్క ఈ రోజుకూ మా నల్లగొండ ఇంటి వసారాలో పడుకుని ఉంది కాబట్టి ఇది రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

చుక్కను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు నుంచి తెచ్చుకున్నాం. ధాన్యం బస్తాలున్న చోట ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోట పిల్లులుంటాయి, ఆ పిల్లులన్నీ ఒకే చోట తిని, ఒకదాన్నొకటి నాకుతూ, కొట్లాడుకుంటూ, పిల్లలను కంటూ ఉంటాయి. ఈ వైరస్‌కు అంతకన్నా అనుకూలమైన చోటు లేదు. ఇది ముఖ్యంగా లాలాజలం ద్వారా, కాట్ల ద్వారా, కడుపులో ఉన్నప్పుడో పాలు తాగేటప్పుడో తల్లి నుంచి పిల్లలకు సోకుతుంది. దానికి ఎనిమిది నెలలున్నప్పుడు చిగుళ్ళు వాచి, తిండి ముందు కూర్చుని తినలేక మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. మా వీధి కిరాణా కొట్టు కాంటా మీద పెడితే రెండు కిలోల వంద గ్రాములు తూగింది. కూరగాయల బుట్టకు వల కట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టుకుని ఆర్టీసీ బస్సులో హైదరాబాదు పోయాను. తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దాటేవరకు నాకు నోట మాట రాలేదు.

నాకు కోపం వచ్చింది జబ్బు పేరు విని కాదు. డాక్టరు గారు చుక్క నోరు తెరిచి చూడకుండా, దాని రక్తం ఎంత ఉందో పరీక్షించకుండా, కిట్టు మీది గీతను మాత్రమే చూసి దాని బతుకు గురించి తీర్పు చెప్పినందుకు వచ్చింది. ఆ తర్వాత ఓపికగా వివరించిన మరో డాక్టరమ్మ నాకు దొరకడం చుక్క అదృష్టం.

ల్యుకేమియా అనగానే మనవాళ్ళు రక్త క్యాన్సర్ అనుకుని ఆశ వదులుకుంటారు. ఇది 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనుగొన్న ఒక వైరస్ పేరు. అది పిల్లి కణాల జన్యువుల్లోకే తన జన్యువులను కలిపేస్తుంది కనుక దాన్ని పూర్తిగా తీసేసే మందు లేదన్న మాట నిజం. అయితే సోకిన ప్రతి పిల్లికీ ఒకే గతి పట్టదు. కొన్ని పిల్లుల శరీరం వైరస్‌ను మొదట్లోనే తరిమేస్తుంది. కొన్నింటిలో అది రక్తంలో కొంతకాలం తిరిగి, తర్వాత అణగిపోయి ఎముక మూలుగలో నిద్రాణంగా ఉండిపోతుంది. అలాంటి పిల్లులు చాలావరకు మామూలుగానే బతుకుతాయి. మూడో రకంలో మాత్రమే వైరస్ రక్తంలో ఆగకుండా పెరుగుతూ, రక్తహీనతను, గడ్డలను, రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల వచ్చే రకరకాల జబ్బులను తెస్తుంది. మొదటి రోజు చేసిన ఒక్క కిట్టు టెస్టు పిల్లి ఏ రకంలో ఉందో చెప్పలేదు. అది పీ27 అనే వైరస్ ప్రొటీన్ ఆ రోజు రక్తంలో ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్ళీ టెస్టు చేయాలి, వీలైతే రక్తాన్ని ల్యాబుకు పంపి, వైరస్ జన్యువులను వెతికే పీసీఆర్ పరీక్ష చేయించాలి. నెగెటివ్ వచ్చినా అంతే. సోకిన కొత్తలో టెస్టుకు దొరకకపోవచ్చు.

చుక్కకు రెండు నెలల తర్వాత చేసిన టెస్టు కూడా పాజిటివే వచ్చింది, పీసీఆర్ కూడా అదే చెప్పింది. అంటే అది మూడో రకం. ఇటువంటి పిల్లులు టెస్టు తర్వాత సగటున రెండున్నర, మూడేళ్ళు బతుకుతాయని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఎనిమిది నెలల పిల్లికి మూడేళ్ళు అంటే అది అప్పటిదాకా బతికిన దానికి నాలుగింతలకు పైన. ఆ లెక్కను ఎవరైనా కొంచెం ఆయువని ఎట్లా అనగలరో నాకు అర్థం కాదు.

మా ఇంట్లో రాజి అనే ఇంకో పెద్ద పిల్లి ఉంది, దానికి రెండుసార్లూ నెగెటివ్ వచ్చింది. చుక్కను వెనుక గదికి మార్చాం. దాని స్టీలు గిన్నెల అడుగున నా బిడ్డ ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టింది, అంట్లు తోమేటప్పుడు కలవకుండా. ఈ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, సబ్బునీళ్ళకే చస్తుంది, మనుషులకు గానీ కుక్కలకు గానీ సోకదు. చిన్నపిల్లలున్న ఇల్లు అని మా అత్తమ్మ భయపడితే ఈ మాటే పదిసార్లు చెప్పాను, ఇప్పుడు పొద్దున గిన్నెలో అన్నం పెట్టేది ఆమే.

సంరక్షణలో గొప్ప రహస్యాలేమీ లేవు గానీ మన ఇళ్ళల్లో జరిగే పొరపాట్లు మాత్రం చాలా ఉన్నాయి. రక్తం తక్కువున్న పిల్లికి ఉల్లిగడ్డ, ఎల్లిపాయ ఎర్ర రక్తకణాలను పగలగొట్టే విషం. అవి లేని కూర మన ఇంట్లో ఉండదు కాబట్టి మిగిలిన కూర కలిపిన అన్నం పెట్టడం పూర్తిగా మానేయాలి. చికెన్ సెంటరులో పారేసే పచ్చి పేగులు, తలకాయలు పెట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి తట్టుకునే సూక్ష్మజీవులను ఈ పిల్లి తట్టుకోలేదు, అందుకే ఉప్పు, కారం లేకుండా ఉడికించిన మాంసమే పెడతాం. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్ ఇస్తే ఒక్క గోలీతోనే ప్రాణం పోవచ్చు. కుక్కలకు గోమార్ల కోసం పూసే పర్మెత్రిన్ మందు కూడా పిల్లులకు విషమే. సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి, వీధిలోకి వదలకుండా ఇంట్లోనే ఉంచాలి. అది చుక్క కోసమే కాదు, వీధిలోని మిగతా పిల్లుల కోసం కూడా.

ఇక నేను రోజూ చేసే పని ఒకటుంది. పొద్దున ఎండ వసారాలోకి రాగానే చుక్కను ఒడిలో పెట్టుకుని, బొటనవేలితో పై పెదవిని మెల్లగా ఎత్తి చిగురు రంగు చూస్తాను. గులాబీ రంగు ఉంటే నిమ్మళం. పోయిన ఏడాది వైశాఖంలో ఒక పొద్దున అది తెల్ల కాగితంలా కనిపించింది, వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ ఎండల్లో పిల్లి సోలిపోయి పడుకోవడం మామూలే కదా అనుకుని ఉంటే ఆ వారమే పోయేది. అదే రోజు తీసుకుపోతే, ఒంటి మీది పురుగుల ద్వారా రక్తంలోకి సోకే ఒక సూక్ష్మజీవి వల్ల రక్తం పడిపోయిందని తేలింది. నాలుగు వారాల మందులతో తేరుకుంది. అంటే దాన్ని ఆ రోజు చంపబోయింది ల్యుకేమియా కాదు, మందు ఉన్న మరో జబ్బు. పాజిటివ్ పిల్లికి ఏది వచ్చినా "ఇంకేముంది, ఆ జబ్బే" అని వదిలేయడం వల్ల పోతున్న ప్రాణాలు ఇవే.

పిల్లిని చంపితే కాశీకి పోయి బంగారు పిల్లిని దానమియ్యాలని మన పెద్దలు చెబుతారు. ఆ మాట నమ్మేవాళ్ళే జబ్బుపడ్డ పిల్లిని గోనెసంచిలో కట్టి రాత్రిపూట మార్కెట్ దగ్గర వదిలివస్తుంటే నేను కళ్ళారా చూశాను. చేతికి రక్తం అంటనంత మాత్రాన అది చంపడం కాకుండా పోదు, పైగా ఆ జబ్బును ఇరవై పిల్లుల మధ్యకు పంపినట్టు కూడా అవుతుంది.

నిద్రపుచ్చడమే తప్పని నేను అనడం లేదు. ఊపిరాడక, ముద్ద మింగలేక, మందులు పనిచేయక బాధపడుతున్న పిల్లికి అది దయే, చుక్కకు ఆ రోజు వస్తే నేనే పక్కన కూర్చుంటాను. ఆ నిర్ణయానికి ఆధారం పిల్లి పడే బాధ కావాలి, కిట్టు మీది గీత కాకూడదు. ఇంకో మాట. మన జిల్లాల్లోని పశువుల దవాఖానలు గొర్రెలకు, బర్రెలకు ఏర్పడ్డవి, అందులో తప్పులేదు, రైతు బతుకు వాటి మీదే ఉంది. కానీ కనీసం జిల్లా కేంద్రంలోనైనా ఈ కిట్లు ఉంటే, నాలుగు నెలల కూనను పట్టుకుని ఒక ఆడపిల్ల వంద కిలోమీటర్లు పోయి, అర్థం కాని మాట విని ఏడుస్తూ తిరిగి రావలసిన అవసరం ఉండదు. మన దగ్గర సాధారణంగా పిల్లులకు వేసే మూడు జబ్బుల టీకాలో ఈ జబ్బు లేదన్న సంగతి కూడా ఎవరూ ముందుగా చెప్పరు.

మా అక్క బిడ్డకు మళ్ళీ టెస్టు చేయించే వరకు ఏ ఇంజెక్షనుకూ ఒప్పుకోవద్దని చెప్పాను. కూన జ్వరానికి వేరే కారణం వెతకమని డాక్టరును అడగమన్నాను, గిన్నెలు వేరు చేయమన్నాను. నిన్న రాత్రి ఫోటో పంపింది. కూన ఉడికించిన కోడిమాంసం నాలుగు ముక్కలు తిన్నదట. గిన్నె అడుగున ఎర్ర చుక్క కూడా పెట్టింది.