వైరాగ్యానికి వాలిడిటీ ఎంత?

మన పెద్దవాళ్లు వైరాగ్యాన్ని మూడు రకాలుగా విడగొట్టి, లెక్క తేల్చి పక్కన పెట్టేశారు. హరికథ వింటున్నంతసేపు ఉండేది పురాణ వైరాగ్యం. పురిటి నొప్పుల్లో పుట్టేది ప్రసూతి వైరాగ్యం. కాటి నుంచి ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకునేదాకా ఉండేది శ్మశాన వైరాగ్యం. మూడింటికీ ఎక్స్‌పైరీ డేట్ ఉందని వాళ్లకు బాగా తెలుసు. ఆ తేదీని చెరిపేసి, కొత్త లేబుల్ అంటించి, జీఎస్టీ కలిపి అమ్మిన ఘనత మాత్రం మన తరానిదే. ఇప్పుడు దాన్ని మోటివేషన్ అంటున్నారు.

ఆవేశంతో పాత అలవాట్లు మార్చుకోవచ్చా అనే అంశం మీద నేను మూడేళ్లుగా విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్నాను. పరిశోధనకు దొరికిన మనిషి ఒక్కడే, అది నేనే. వయసు 51. మార్చాల్సిన అలవాట్లు చాలా ఉన్నాయి కానీ ప్రయోగానికి ఒకటి చాలు: సాయంత్రం ఐదున్నరకు మా వీధి చివర బండి దగ్గర బజ్జీలు. రోజూ నాలుగు. ఆదివారం లెక్క వేరు, అది ఇక్కడ అప్రస్తుతం.

మొదట నాకు కలిగింది రిపోర్ట్ వైరాగ్యం. ఇది పెద్దవాళ్ల జాబితాలో లేదు, ల్యాబులు వచ్చాక పుట్టింది. మూడు నెలల షుగర్ సగటు 6.4 అని కాగితం మీద వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ వాకిట్లో నిలబడ్డట్టు, 6.5 నుంచి ఇంట్లోకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు అని డాక్టరుగారు చెప్పారు. నాకు కాళ్లు వణికాయి. అదే వణుకులో వెళ్లి షూ కొన్నాను. భయంలో ఉన్నవాడు బేరమాడడు. ఇది నా పరిశోధనలో తేలిన మొదటి సత్యం.

మర్నాడు తెల్లారగట్ల బీచ్ రోడ్డుకెళ్లాను. ఆ వేళకు అక్కడ వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ దాకా నడిచాను. రెండూ పక్కపక్కనే కదా అని ఈ ఊరివాళ్లు నవ్వక్కర్లేదు, మొదటి రోజు కదా. కుర్సురా ముందు నిలబడి సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001లో రిటైరైన జలాంతర్గామి అది. మరుసటి ఏడాది నుంచి ఒడ్డునే ఉంది. దానిలా నేనూ లోతుల్లోకి దూసుకుపోవాలనుకున్నాను. మూడో వారానికి మా ఇద్దరి పరిస్థితీ ఒకటే, ఇసుకలో ఆగిపోయి ఉన్నాం. కాకపోతే దాన్ని చూడ్డానికి జనం టికెట్ కొంటారు.

రిపోర్ట్ వైరాగ్యం వాలిడిటీ: 19 రోజులు. అందులో నాలుగు రోజులు వాన.

తరవాతది సెమినార్ వైరాగ్యం. బీచ్ రోడ్డులో ఒక హోటల్ హాలు, ప్రవేశ రుసుము రెండు వేలు, టీ బిస్కెట్ ఉచితం. సూటు వేసుకున్న వక్త లైట్లు తగ్గించి, వెనక వేణువు పెట్టించి, ‘కళ్లు మూసుకోండి. మిమ్మల్ని కన్నతల్లి ఇప్పుడు లేదు. ఆమెకు మీరు చెప్పలేకపోయిన మాట చెప్పండి’ అన్నాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నాకు చిక్కొచ్చి పడింది. మా అమ్మ సీతమ్మధారలో మా అన్నయ్య ఇంట్లో నిక్షేపంలా ఉంది, ఆ టైముకు సీరియల్ చూస్తూ ఉంటుంది. అయినా పక్కాయన ఏడుస్తుంటే మనం ఖాళీగా కూర్చోవడం మర్యాద కాదు. మొదలుపెట్టాక తెలిసింది, ఏడుపు బజ్జీలాంటిదే, ఒకటితో ఆగదు.

ఆ ఊపులోనే బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. గొంతు పూడుకుపోయింది.

“ఏమైందిరా? డబ్బులేమైనా పోయాయా?” అంది.

“రెండు వేలమ్మా” అన్నాను.

అమెరికాలో మనస్తత్వశాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడైన విలియం జేమ్స్ ఈ సంగతి 1890లోనే రాసిపెట్టాడు. కచేరీకెళ్లి మనసు కరిగించుకుని, ఆ కరుగుదలతో ఏ పనీ చేయకుండా ఇంటికొచ్చే అలవాటు మనిషిని చవట చేస్తుందన్నాడు. మందేమిటంటే, కచేరీ అయ్యాక ఏదో ఒక చిన్న మంచి పని చేసెయ్యాలి. ఇంట్లో పెద్దావిడను ఆప్యాయంగా పలకరించినా చాలట. నేను పలకరించాను కూడా. ‘కొత్త చెప్పులు కూడా అక్కడే పోగొట్టుకున్నావా?’ అని అడిగి మా అమ్మ ఫోన్ పెట్టేసింది. జేమ్స్‌గారికి మా అమ్మ తెలియదు, ఆయన తప్పేం లేదు.

ఆ వక్త ఇంకో ముక్క కూడా చెప్పాడు: ఏ అలవాటైనా 21 రోజుల్లో మారుతుందట. ఈ 21 ఎక్కడిదా అని తవ్వాను. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు అద్దంలో కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. నోటికీ నోటికీ మారేసరికి ‘కనీసం’ జారిపోయింది, ముఖం జారిపోయింది, ఆపరేషన్ జారిపోయింది, 21 మిగిలింది. తరవాత లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని వెంటపడి చూస్తే, కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 254 రోజుల దాకా లెక్క తేలింది. మధ్యస్థంగా 66. ఒక రోజు తప్పినా కొంప మునగదనీ తేలింది. ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది. దాన్ని వారానికి ఐదుసార్లు పాటించాను.

హాల్లోంచి బయటపడి మురీ మిక్చర్ బండి దాకా నడిచాను. అదీ సెమినార్ వైరాగ్యం వాలిడిటీ. రోజుల్లో చెప్పడం కుదరదు, అడుగుల్లో చెప్పాలి.

భక్తిని ఇందులో కలపొచ్చా అని కొందరు నొచ్చుకుంటారని తెలుసు. కలపకపోతే పరిశోధన సగమే అవుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ చేశాను. 32 కిలోమీటర్లు, ఉత్త కాళ్లతో. కొండ కింద మొదటి మెట్టు, అంటే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార అన్నీ కాళ్ల కింద నుంచి వెళ్లిపోయాయి. దారిపొడుగునా ఎవరో తెలియనివాళ్లు మజ్జిగిచ్చారు, పులిహోర పెట్టారు, ఒక ముసలాయన నా పాదాల మీద నీళ్లు పోశాడు. తెల్లారేసరికి కొండ దిగువన నిలబడి ఏడ్చాను. ఇది టికెట్ లేని ఏడుపు, దీని జోలికి నా వ్యంగ్యం వెళ్లదు. ఆ సాయంత్రం మా ఆవిడ పెరుగు ప్యాకెట్ తెమ్మంది. వీధి చివర కొట్టుకు స్కూటర్ మీద వెళ్లాను.

ఈ ఊరికి మాత్రమే సొంతమైన వైరాగ్యం ఇంకోటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. చెట్లన్నీ పడిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఎనిమిదేళ్లుగా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పేర్లు తెలియని మేమంతా మెట్ల మీద కొవ్వొత్తుల చుట్టూ కూర్చున్నాం. ఒకరి గ్యాస్ మీద ఇంకొకరి అన్నం ఉడికింది. ఎనిమిదింటికే నిద్ర, అయిదింటికే మెలకువ. మూడో అంతస్తాయన బ్యాంకులో చేస్తాడని, పాత పాటలు అద్భుతంగా పాడతాడని అప్పుడే తెలిసింది. “ఇకమీదట ఇలాగే ఉందాం. ఈ టీవీలు, ఫోన్లు మనల్ని చెడగొట్టాయి” అని ఆయనే కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. అందరం అవునన్నాం, మనసారా అన్నాం. కరెంటు వచ్చిన రాత్రి మొత్తం బిల్డింగు ఒక్క గొంతుతో హో అని అరిచింది. ఆ అరుపు అయ్యాక తలుపులు పడ్డాయి, ఒకటి తరవాత ఒకటి. ఆయన పాట మళ్లీ వినలేదు. లిఫ్టులో కనబడితే తలూపుతాడు.

ఇక మా బావమరిది సంగతి. ఏడాదికి 324 రోజులు వాడు మందు మానలేడు, 41 రోజులు ముట్టుకోడు. అయ్యప్ప మాల. చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, ఒంటిపూట భోజనం, నోట్లో ఒక్క బూతు ఉండదు. సంకల్పబలం అంటే అదీ అని మా అత్తగారు మురిసిపోతారు. నేను పరిశోధకుణ్ణి కాబట్టి మురిసిపోకుండా వాడి వెనక తిరిగాను. తేలిందేమిటంటే, వాడి బలం వాడిలో లేదు, ఊరంతా ఉంది. ఆటోవాడు ‘స్వామీ’ అంటాడు. టిఫిన్ సెంటర్లో ‘స్వామికి ఉల్లిపాయ లేకుండా’ అని వంటింట్లోకి కేక వేస్తారు. ఆఫీసులో పై అధికారి కూడా ‘స్వామీ, ఆ ఫైలు’ అంటాడు. ఒకరోజు గాజువాకలో పాత స్నేహితుల బ్యాచ్ ఎదురైంది. ఏడాదంతా వీణ్ణి చెయ్యి పట్టి బారులోకి లాక్కెళ్లే బ్యాచే అది. నల్ల బట్టలు చూసి, చేతిలో సిగరెట్ వెనక్కి దాచుకుని ‘స్వామి శరణం’ అని దారిచ్చింది. మానేద్దామని వాడొక్కడే అనుకుంటే మూడు రోజులు. తాగనివ్వకూడదని నాలుగు వందల మంది కూడబలుక్కుంటే 41 రోజులు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం ఆ బ్యాచే ఫోన్ చేసి, “ఏరా, ఎక్కడున్నావు?” అంది. ‘స్వామీ’ పోయి ‘ఏరా’ వచ్చింది. వాడు వెళ్లాడు.

దీని మీద నేనొక ప్రతిపాదన తయారుచేశాను. బజ్జీలు మానేవాళ్లకు ఒక దీక్ష, ఆకుపచ్చ కండువా. కండువా కనబడగానే బండివాళ్లు పొయ్యి తగ్గించి, “స్వామీ, కీరా ముక్కలు కొయ్యనా?” అనాలి. మా ఆవిడకు చదివి వినిపిస్తే, ముందు ఇంట్లో అమలు చేద్దామంది. వారం రోజులు నన్ను స్వామీ అనే పిలిచింది. “స్వామీ, చెత్త బయట పెట్టండి.” “స్వామీ, గీజర్ ఆపలేదు.” దీక్ష విరమించాను.

ఒకసారి బీచ్‌లో ఇసుక పోయడం చూశాను. ఔటర్ హార్బర్‌కు గోడలు కట్టాక, దక్షిణం నుంచి ఒడ్డు వెంబడి కొట్టుకొచ్చే ఇసుక అక్కడే ఆగిపోతుంది, ఇవతల ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకని అక్కడ తవ్విన ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో తెచ్చి ఇక్కడ పోస్తారు. సముద్రం పట్టుకుపోతుంది. మళ్లీ పోస్తారు. దశాబ్దాలుగా ఇదే. అరగంట నిలబడి చూశాను. ఒక్కరూ ఏడవలేదు. వేణువు లేదు. ఎవరూ పిడికిలి బిగించి ‘నేను సాధిస్తాను’ అనలేదు. ఒకతను పైపు జాయింటు దగ్గర బీడీ కాల్చుకుంటున్నాడు. ఇంత నీరసమైన పద్ధతిని మీకు సిఫారసు చేయడానికి మాత్రం నాకు మనసొప్పడం లేదు.

ఇంతకీ నేను మారానా అంటే, మారాను. జనవరిలో మా వీధిలో కాలవ తవ్వారు. బజ్జీల బండి ఎక్కడికో తరలిపోయింది. ఎక్కడికని ఆరా తీస్తే పైవీధి అన్నారు, అంటే ఎత్తు ఎక్కాలి. ఈ ఊళ్లో ఎత్తు అంటే ఎత్తే. రెండ్రోజులు ఎక్కాను, మూడో రోజు మోకాలు ఒప్పుకోలేదు. ఆ తరవాత రెండు నెలలు ఒక్క బజ్జీ తినలేదు. షుగర్ 6.1కి వచ్చింది.

ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ సెమినార్ వాళ్లు ఫోన్ చేశారు. కొత్త బ్యాచ్ ముందు నాలుగు మాటలు చెప్పాలన్నారు. రుసుము లేదన్నారు, టీ బిస్కెట్ ఎలాగూ ఉంది. స్టేజీ ఎక్కాక లైట్లు తగ్గాయి, వేణువు మొదలైంది. కాలవ గురించే చెబుదామని నోరు తెరిచాను. ఎదురుగా మూడొందల మంది, ముందు వరసలో ఒక కుర్రాడు అప్పటికే కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అతన్ని చూశాక మునిసిపల్ కాలవ పేరు ఎత్తబుద్ధి కాలేదు. “ఆ రోజు ఇదే హాల్లో మా అమ్మ గుర్తొచ్చింది...” అని మొదలుపెట్టాను. చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. వీడియో తీశారు. నాకూ నిజంగానే నీళ్లొచ్చాయి, అది వేరే సంగతి.

కళ్లు తుడుచుకుంటూ వీధి మలుపు తిరిగాను. కాలవ పూడ్చేశారు. బండి పాత చోటికి వచ్చేసింది. నూనె మరుగుతోంది.

“ఏటి బాబూ, రెణ్ణెల్లయింది అగుపడి. ఊరెళ్లారా?” అంది బండామె.

“లేదమ్మా. మారిపోయాను.”

“అలాగా. అరటికాయా, మిరపకాయా?”