గుడిలో సైలెంట్, బస్సులో స్పీకర్

"అంత ఇబ్బందిగా ఉంటే క్యాబ్ మాట్లాడుకుని వెళ్ళండి."

గత వారం ఓ సాయంత్రం బస్సులో ఒక కూతురికి ఎదురైన జవాబిది. పక్కన ఆమె తండ్రి. శుక్లం ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్తున్నారు. ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది, రెండో కన్ను మూసుకునే ఉన్నారు. ముందు సీటులో మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఓ నలభై ఏళ్ళ మనిషి స్పీకర్ పెట్టి రీల్స్ చూస్తున్నాడు. పదిహేను సెకన్ల పాట ముక్క, వెంటనే ఎవరో పగలబడి నవ్విన చప్పుడు, ఆ వెంటనే ఎవరి మీదో ఎవరిదో అరుపు. వేలు ఆగినప్పుడల్లా అదే ముక్క మళ్ళీ మళ్ళీ. "అన్నా, కొంచెం సౌండ్ తగ్గిస్తారా, నాన్నకు తల పగిలిపోతోందట" అని ఆమె అడిగింది. దానికే ఆ జవాబు.

కండక్టర్‌ను పిలిచింది. ఆయన ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసి, "వెనక సీట్లు ఖాళీగా ఉన్నాయి కదమ్మా, అక్కడికెళ్ళి కూర్చోండి" అన్నాడు. నడుస్తున్న బస్సులో రాడ్ పట్టుకుని, ఒంటి కంటితో, ఆ పెద్దాయన లేచి తూలుతూ వెనక్కి వెళ్ళారు. రీల్స్ ఆగలేదు. మా పత్రిక డెస్కులో పనిచేసే సహోద్యోగి రెండు సీట్ల అవతల ఉన్నారు. తానూ నోరు మెదపలేకపోయానని మర్నాడు ఆఫీసులో చెప్పినప్పుడు ఆయన తల దించుకునే చెప్పారు.

ఈ గోల గురించి పాఠకులకు కొత్తగా వివరించాల్సింది లేదు. బస్సులో, రైల్లో, మెట్రోలో, ఆస్పత్రి ఓపీ హాల్లో, బ్యాంకు క్యూలో, పొద్దున వాకింగ్‌కు వెళ్ళిన పార్కులో, ఆఖరికి చావింట్లో కూడా ఇదే. మాకు కోపం తెప్పిస్తున్నది ఇంకొకటి. సౌండ్ పెట్టిన మనిషిని వదిలేసి, వద్దన్న మనిషిని లేపి పంపించారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. మన బహిరంగ స్థలాల్లో ఇప్పుడు అదే రూలై కూర్చుంది.

ఆ ఐడీ కార్డు మనిషికి ఫోన్ సైలెంట్‌లో పెట్టడం రాక కాదు. బాస్ కేబిన్ తలుపు తట్టే ముందు జేబులో చేయి పెట్టి చూడకుండానే మీట నొక్కేస్తాడు. తిరుమల వెళ్తే ఫోన్‌ను కౌంటర్‌లో ఇచ్చేసి, చీటీ భద్రంగా దాచుకుని, వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి ఫోన్ లేకుండా కూర్చుంటాడు. అక్కడ గోవింద నామం వినిపిస్తుంది, పక్కవాళ్ళతో మాటలు కలుస్తాయి, పిల్లలు నిద్రపోతారు. రీల్స్ చూడకపోవడం వల్ల ఏ కంపార్ట్‌మెంట్‌లోనూ ఎవరికీ ఏమీ కాలేదు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాయడానికి పిల్లను తీసుకెళ్తే ఫోన్ గేటు బయటే. కోర్టు హాల్లో జడ్జి గారు రాకముందే సైలెంట్. దేవుడి ముందు, దొర ముందు, జడ్జి ముందు మనకు మర్యాద బాగానే తెలుసు. టికెట్ కొనుక్కుని పక్క సీటులో కూర్చున్న మామూలు మనిషి ముందు మాత్రం ఎక్కడలేని స్వేచ్ఛ గుర్తొస్తుంది.

ఫోన్ ఇప్పుడు అందరికీ అవసరమే, టికెట్టూ డబ్బులూ అందులోనే, అలసిపోయి ఇంటికెళ్ళే కూలీకి ఆ పది నిమిషాల వినోదం కూడా లేకుండా చేస్తారా అని అడిగేవాళ్ళున్నారు. ఫోన్ చూడొద్దని మేమనడం లేదు. మీ ఫోన్ చప్పుడు మీ చెవిలోనే ఉంచుకోమంటున్నాం. ఇక కూలీ పేరు ఇందులోకి లాగడం అన్యాయం. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళి చూడండి. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పోస్టులకు చదువుకునే పిల్లలు పొద్దున్నుంచి కుర్చీలు పట్టుకుని కూర్చుంటారు. చాలామంది ఊళ్ళ నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో ఉంటూ, ఒక పూట తిని ఒక పూట సర్దుకునేవాళ్ళు. అక్కడ ఒక ఫోన్ మోగిందంటే నలుగురు తలెత్తి చూస్తారు, ఆ ఫోన్ తాలూకు మనిషి వంగి బయటికి పరిగెత్తుతాడు. అదే రైల్లో ఏసీ కోచ్ ఎక్కండి. రాత్రి పదకొండింటికి లైట్లార్పాక కూడా కింది బెర్త్ నుంచి స్థలాల బేరం వినిపిస్తూనే ఉంటుంది. గజం ఎంతో, అడ్వాన్స్ ఎంతో, ఏ సర్వే నంబరో కోచ్ మొత్తానికీ కంఠతా వచ్చేస్తుంది. చదువుకూ డబ్బుకూ ఈ మర్యాదతో ఏ సంబంధమూ లేదు.

ఈ జబ్బు ఎప్పటిదో కూడా గుర్తు చేసుకోవాలి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చేదాకా ఒక జీబీ డేటా అంటే నెలంతా పొదుపుగా వాడుకునే వస్తువు. బస్సులో వీడియో చూసే సాహసం ఎవరూ చేసేవారు కాదు. డేటా చవకైంది. ఆ తర్వాత కొత్త ఫోన్ల డబ్బాల్లోంచి ఇయర్‌ఫోన్స్ మాయమయ్యాయి, చాలా ఫోన్లకు వైరు గుచ్చుకునే రంధ్రం కూడా లేకుండా పోయింది. 2020లో టిక్‌టాక్‌ను నిషేధించగానే ఆ ఖాళీలోకి రీల్స్ వచ్చి కూర్చున్నాయి. కంపెనీలు తీసేసిన వైరు ఖర్చు ఇప్పుడు పక్క సీటు ప్రయాణికుడి చెవులు కడుతున్నాయి. అయినా రోడ్డు పక్క బండి మీద వంద రూపాయలకు ఇయర్‌ఫోన్స్ దొరుకుతున్నాయి. కొనలేని పరిస్థితి ఎంతమందిది?

చప్పుడుకు ఇంత రాద్ధాంతం ఎందుకు, బస్సు హారన్ కన్నా ఎక్కువా అంటారు. హారన్ మోగి ఆగిపోతుంది. రీల్ ఆగదు. ఏ క్షణాన ఏ కేక వస్తుందో తెలియదు కాబట్టి చెవి దానికి అలవాటు పడదు. ఫోన్ మాటలతోనూ ఇదే బాధ. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే వినేవాళ్ళకు అంత ఇబ్బంది ఉండదనీ, ఒకవైపు మాటలే వినిపించే ఫోన్ సంభాషణ ఏకాగ్రతను ఎక్కువగా చెడగొడుతుందనీ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లోనే చూపించారు. అవతలివాళ్ళు ఏమన్నారో ఊహించుకోవడంలో మన బుర్ర మనకు తెలియకుండానే పనిచేస్తూ ఉంటుందట. పుస్తకం తెరిచి ఒకే పేరా నాలుగుసార్లు చదివినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

పొరుగువాళ్ళు మేలుకున్నారు. 2021 నవంబర్‌లో కర్ణాటక హైకోర్టు ఆదేశంతో అక్కడి ఆర్టీసీ బస్సుల్లో ఫోన్ స్పీకర్ పెట్టి పాటలు, వీడియోలు వినడాన్ని నిషేధించారు. చెప్పినా వినకపోతే బస్సు దింపేయొచ్చు. ముంబై సిటీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థ 2023 ఏప్రిల్‌లో, హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడియో గానీ వీడియో గానీ పెడితే బాంబే పోలీసు చట్టం కింద చర్య తప్పదని నోటీసు ఇచ్చింది. రైల్వే శాఖ 2022 జనవరిలోనే రాత్రి 10 గంటల తర్వాత ఫోన్‌లో గట్టిగా మాట్లాడటం, పాటలు పెట్టడం కుదరదని సిబ్బందికి ఆదేశాలు పంపింది. అంతకన్నా ముందే 1989 నాటి రైల్వే చట్టంలోనూ, 2002 నాటి మెట్రో చట్టంలోనూ తోటి ప్రయాణికుడి సౌకర్యానికి భంగం కలిగించడం శిక్షించదగ్గ నేరమని రాసి ఉంది. రూల్స్‌కు కొదవ లేదు. వాటిని చదివి వినిపించే నోరే కరువైంది.

మన రెండు రాష్ట్రాల బస్సుల్లో రాతలకేం తక్కువ? పొగ తాగరాదు, చేతులు బయట పెట్టరాదు, ఫుట్‌బోర్డు మీద నిలబడరాదు, టికెట్ లేని ప్రయాణం నేరం, స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం. ఇన్ని రాతల మధ్య స్పీకర్ మాట ఎక్కడ కనిపిస్తోంది? తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిటకిటలాడుతున్నాయి. నిలబడటానికే చోటు లేనిచోట చెవి పక్కనే ఒక స్పీకర్ మోగుతుంటే మొహం తిప్పుకుందామన్నా వీలుండదు. సంస్థ తలచుకుంటే చేయగలదని మనకు తెలుసు. డ్యూటీలో ఉన్న డ్రైవర్లు ఫోన్ వాడకుండా తెలంగాణ ఆర్టీసీ 2025 సెప్టెంబర్‌లో కొన్ని డిపోల్లో ప్రయోగాత్మకంగా కట్టడి చేసింది. స్టీరింగ్ పట్టిన చేతిలో ఫోన్ ఉంటే మోటారు వాహనాల చట్టం కింద వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా లేదా జైలు, ఒక్కోసారి రెండూ. డ్రైవర్ జేబులోంచి ఫోన్ తీసి పక్కన పెట్టించగలిగినవాళ్ళు ప్రయాణికుడి చేత సౌండ్ తగ్గించలేరా?

జనం మారరనే మాట మేం ఒప్పుకోం. నలభై దాటినవాళ్ళందరికీ బస్సులో చుట్ట వాసన గుర్తుండే ఉంటుంది. చివరి సీటులో తాత చుట్ట ముట్టిస్తే ముందు సీటులో పసిపిల్ల దగ్గేది, తల్లి కొంగుతో విసురుకునేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు. అప్పుడూ ఇదే మాట: "పెద్దాయన అలవాటు, సర్దుకుపోవాలి." 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల జరిమానా అన్నారు. ఎంతమంది కట్టారన్నది పక్కన పెడితే, "బాబాయ్, బీడీ పారెయ్" అనే ధైర్యం కండక్టర్‌కూ, పక్కనున్న ప్రయాణికుడికీ వచ్చింది. ఈరోజు బస్సులో ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే బస్సంతా అరుస్తుంది. చుట్ట పొగ నుంచి బయటపడిన జాతికి ఫోన్ స్పీకర్ ఒక లెక్కా?

ఇక్కడ అధికారుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మంత్రి సమీక్ష జరుగుతుంటే ఒక్క ఫోన్ మోగదు. మోగితే ఆ అధికారికి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. అదే సోమవారం అర్జీలు తీసుకునే హాలుకు వెళ్ళండి. పింఛను ఆగిపోయిందని తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన అవ్వ ముడతలు పడ్డ కాగితం చాచి నిలబడి ఉంటుంది. బల్ల అవతలి చెయ్యి ఆ కాగితం అందుకుంటుంది. కళ్ళు మాత్రం ఫోన్ మీద నుంచి లేవవు. అవ్వ చెప్పడం పూర్తవుతుంది, "సరే, చూస్తాం" అని వినిపిస్తుంది. ఎవరు చూస్తారో, దేన్ని చూస్తారో ఆమెకు అర్థం కాదు. అక్కడ చప్పుడు లేదు. కానీ బస్సులో జరిగిందే అక్కడా జరిగింది. పైవాడి ముందు జేబులోకి వెళ్ళే ఫోన్, కిందివాడి ముందు చేతిలోనే ఉంటుంది.

ఆస్పత్రుల సంగతి ఇంకా విడ్డూరం. ఆస్పత్రి చుట్టూ 100 మీటర్ల దాకా హారన్ కొట్టరాదని శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. గేటు బయట బోర్డు ఉంటుంది. లోపల ఓపీ హాల్లో టోకెన్ నంబర్ పిలిస్తే వినపడదు. ముప్పై ఫోన్లలో ముప్పై రకాల పాటలు. బయట లారీ వాడికి ఉన్న నిబంధన లోపల బెంచీ మీద కూర్చున్నవాడికి లేదా?

ఆ కండక్టర్ మీద మాకు వ్యక్తిగతంగా కోపం లేదు. రోజూ కిక్కిరిసిన బస్సుల్లో టికెట్లు కొట్టాలి, ఆధార్ కార్డులు చూడాలి, చిల్లర గొడవలు తీర్చాలి. గట్టిగా మాట్లాడితే ఎవరో వీడియో తీసి పెడతారన్న భయం. వెనక సంస్థ నిలబడుతుందన్న నమ్మకం లేనప్పుడు ఎవరైనా మెత్తగా ఉన్నవాళ్ళనే లేపుతారు. అందుకే ఆ నమ్మకం పైనుంచే రావాలి. స్పీకర్ పెట్టరాదన్న నిబంధనను రెండు ఆర్టీసీలూ, మెట్రో సంస్థా తమ బస్సుల్లోనూ బోగీల్లోనూ పెద్ద అక్షరాల్లో రాయించాలి. టికెట్ మీద ఒక లైను అచ్చు వేయించాలి. ఒకసారి చెప్పినా వినని ప్రయాణికుణ్ణి తర్వాతి స్టాపులో దింపే అధికారం కండక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. దింపినందుకు ఎవరైనా రచ్చ చేస్తే కండక్టర్ పక్షాన డిపో మేనేజర్ నిలబడాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, కోట్ల బడ్జెట్ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. అది కూడా ఇవ్వలేకపోతే, వెనక సీటుకు పంపించాల్సింది ఎవరినని తమ సంస్థ అనుకుంటోందో ఆ కూతురికి జవాబు చెప్పాలి.

రీల్స్ చూస్తూ కూర్చున్న ఆ పెద్దమనిషికి కూడా ఒక మాట. మీరు ఈ పేపర్ చదువుతారో లేదో తెలియదు. చదివితే, ఆరోజు మీ వెనక సీటు ఎందుకు ఖాళీ అయిందో గుర్తు తెచ్చుకోండి. బాస్ గది ముందు మీ వేలు ఏ మీట మీదికి వెళ్తుందో, రేపు బస్సు మెట్టు ఎక్కేటప్పుడు కూడా అక్కడికే వెళ్ళాలి. ఆపరేషన్ కన్నుతో ఆ పెద్దాయన మీ కోసం లేచారు. మీరు ఆయన కోసం ఒక వేలు కదపలేకపోయారు.