వాగ్దానం కార్డు మీద అచ్చు వేయని వాక్యాలు

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటాక విశాఖలో చాలా చర్చిల్లో కనిపించేది ఒకటే. పళ్లెంలో బోర్లించిన కార్డులు. విశ్వాసులు వరసలో వచ్చి తలా ఒకటి తీసుకుంటారు. తిప్పి చదువుకుని, కళ్లకు అద్దుకుని, పర్సులో దాచుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన వాగ్దానం అదేనని నమ్ముతారు.

గాజువాక వైపు మా సంఘంలో ఒక కాంట్రాక్టు కార్మికుడికి బైబిల్లోని యిర్మీయా 29:11 వచ్చింది. గులాబీ పువ్వుల బొమ్మ, దాని మీద వాక్యం: నేను మీ గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు. ఆ కార్డును ఆయన తన గేట్ పాస్ ఉండే ప్లాస్టిక్ కవర్లోనే వెనకవైపు పెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో కాంట్రాక్టు పోయింది. గేట్ పాస్ తిరిగి ఇచ్చేశాడు, కవర్లో కార్డు మిగిలింది. మెల్లగా చర్చికి రావడం మానేశాడు. ఇంటికి వెళితే ఆయన నన్ను అడిగిన మాట ఇది: "అన్నయ్యా, నాది కాని కార్డు నేను తీసేసుకున్నానంటారా?"

ఆ ప్రశ్నకు మన సంఘాలన్నీ జవాబు చెప్పుకోవాలి. ఒత్తిడి వచ్చినప్పుడు బైబిల్‌ను నమ్మండి అని ప్రతి ఆదివారం చెబుతున్నాం. కానీ నమ్మమని చేతికిచ్చింది బైబిల్ కాదు, అందులోంచి కత్తిరించిన ఒక ముక్క.

యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు బందీలుగా వెళ్లిన వాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసింది. ఊరు పోయింది, ఇల్లు పోయింది, మందిరానికి దూరమయ్యారు. 11వ వచనానికి ముందే ఉన్న 10వ వచనం చదవండి. డెబ్బై సంవత్సరాలు అంటుంది. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూస్తారు. మీరు తిరిగొస్తారన్న మాట వాళ్ల పిల్లలకు, మనవలకు. ఇంకొక అధ్యాయం వెనక్కి వెళ్లండి. అక్కడ హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని జనం ముందు ప్రకటిస్తాడు. వినడానికి ఎంత హాయి! ఆ మాట అబద్ధమని చెప్పింది యిర్మీయాయే. అలాంటి ప్రవక్తల మాట వినొద్దని ఈ ఉత్తరంలోనే 8, 9 వచనాల్లో హెచ్చరించాడు. మనం చేస్తున్నదేమిటి? యిర్మీయా వాక్యం తీసుకుని, దాంతో హనన్యా సందేశం చెబుతున్నాం. ఈ సంవత్సరమే, నీకే, మంచే జరుగుతుంది అని.

క్రైస్తవుడికి ఒత్తిళ్లు ఇదొక్కటే కాదు. అద్దె ఇల్లు దగ్గర ఎదురయ్యే ప్రశ్నలు, పెళ్లిళ్లలో బంధువుల మాటలు, క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేకుండా చేసిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచీ వాళ్ల మెడ మీద వేలాడుతున్న కుల ధ్రువపత్రం గొడవ, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. బయటి నుంచి వచ్చే ఒత్తిడికి మనవాళ్లు ఎప్పుడూ తట్టుకుని నిలబడ్డారు. లోపలి నుంచి వచ్చేదే మనిషిని కూల్చేస్తోంది. కష్టం తీరకపోతే నీ విశ్వాసంలోనే లోపముంది అని సాటి విశ్వాసి చూసే చూపు అది. సాక్ష్యం చెప్పమంటే ఉద్యోగం వచ్చినవాడు లేస్తాడు, వీసా వచ్చినవాడు లేస్తాడు. ఉద్యోగం పోయినవాడు లేచి నిలబడ్డ ఆదివారం ఒక్కటైనా ఉందా?

చదువు పెద్దగా రాని తల్లికి ఆ ఒక్క వాక్యమే ఆధారం కదా, దాన్ని కూడా లాగేస్తారా అని మా పాస్టరు అయ్యగారు నన్ను అడిగారు. న్యాయమైన మాటే. ఆస్పత్రి వరండాలో ఆ కార్డు పట్టుకుని రాత్రంతా కూర్చున్న తల్లుల్ని నేనూ చూశాను. ఆమె చేతిలోంచి కార్డు తీసేయమని నేననడం లేదు. ఆమెకు మిగతా పేజీలు కూడా చదివి వినిపించమంటున్నాను. యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు అనే 13వ కీర్తన ఆమెది కాదా? చివరి మాట కూడా చీకటే అయిన 88వ కీర్తన ఎవరి కోసం రాసి ఉంది? దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అని బబులోను రాజు ముఖం మీద చెప్పిన దానియేలు గ్రంథంలోని ముగ్గురు కుర్రాళ్ల మాట ఏ కార్డు మీదైనా అచ్చు వేశారా? ఆ "రక్షించకపోయినా" అన్న మాటలోనే ఉంది నమ్మకమంతా.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదు. మరుసటి ఆదివారం రేకులు ఎగిరిపోయిన మా ప్రార్థన మందిరంలో ఆకాశం కింద కూర్చున్నాం. కరెంటు లేదు, మైకు లేదు. అయ్యగారు 13వ కీర్తన చదివారు. ఎన్నాళ్లవరకు అన్న మాట వచ్చిన ప్రతిసారీ జనం కూడా అన్నారు. నా జీవితంలో అంత నిజమైన ఆరాధన మళ్లీ చూడలేదు.

అసలు తెలుగు బైబిల్ కథ మొదలైన ఊళ్లలో మనదీ ఒకటి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తలు అనువదించారు. క్రాన్ 1809లో పోయాడు, డే గ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సెరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదు. ఏడాదికో వాగ్దానం లెక్కన చూస్తే వాళ్లకు ఏం నెరవేరినట్టు? అయినా వాళ్లు వేసిన దారిలోనే ఎడ్వర్డ్ ప్రిచెట్ పని చేశాడు, 1818లో కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. మన పళ్లెంలో కార్డుల వెనక ఆ చావులున్నాయి.

ఇంకో మాట, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. అదే ఉత్తరంలో 7వ వచనం: మిమ్మల్ని చెరగొనిపోయిన పట్టణము యొక్క క్షేమము కోరండి, దాని క్షేమమే మీ క్షేమానికి కారణం. ముందు వచనాల్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అన్నాడు. శత్రువు ఊరి కోసమే ప్రార్థించమంటే, మన ఊరి సంగతేమిటి? 1966లో ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం విశాఖది. 2021 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు కార్మికులు రోడ్డెక్కారు. ఆ టెంటుల్లో మన సంఘస్తులూ కూర్చున్నారు, యూనియన్ మనుషులుగా. సంఘం తరఫున వెళ్లి పక్కన కూర్చున్న అయ్యగార్లు ఎంతమంది? 2020 మే 7న వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ విషవాయువు పీల్చి జనం రోడ్ల మీద పడిపోయారు. వాళ్లలో 12 మంది చనిపోయారు. ఆ తర్వాత మన ప్రసంగాల్లో ఆ ఊరి పేరు ఎన్నిసార్లు వినపడింది? ఊరి బాధ పట్టని సంఘానికి పక్క బెంచీలో కూర్చున్న కాంట్రాక్టు కార్మికుడి బాధ కూడా పట్టదు. వాక్యాన్ని "నాకు, ఈ ఏడాదికి" అని కత్తిరించడం అలవాటైతే జరిగేది ఇదే.

పోయిన నెల మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టి, యిర్మీయా కార్డు వచ్చిన ఆయన్ని పిలిచాను. మొదట రానన్నాడు, తర్వాత భార్యతో వచ్చాడు. వాక్యం చదవమని బైబిల్ ఇచ్చి 13వ కీర్తన తీసి పెట్టాను. ఆరు వచనాలే. రెండో వచనంలో "ఎంతవరకు నా మనస్సులో నేను చింతపడుదును" దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. ఎవరూ కంగారు పడలేదు, ఎవరూ హల్లెలూయా అనలేదు. కాసేపటికి వాళ్లావిడ బైబిల్ తన ఒళ్లోకి తీసుకుని మిగతాది చదివింది.