చిత్తడి నేలల నిబంధనలు, 2017 గారికి నల్లగొండ నుంచి ఒక ఉత్తరం

అయ్యా, నమస్కారం.

చెరువులు, మడుగుల లాంటి చిత్తడి నేలలను కాపాడటానికే కేంద్ర ప్రభుత్వం తమరిని పుట్టించిందని విని మొదట చాలా సంబరపడ్డాం. ఆక్రమణలు కుదరవన్నారు, చెత్త పోయొద్దన్నారు, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పక్కా కట్టడం లేపొద్దన్నారు. ఇక మా పానగల్ ఉదయసముద్రానికి ఢోకా లేదనుకున్నాం. కందూరు చోళుల కాలం నాటి చెరువాయె. కొంగలు, నీటికాకులు, బుడుబుంగలు, ఒడ్డున తుంగ, జమ్ము. ఇంకేం కావాలి?

తర్వాత ఎవరో పనిలేని మనిషి తమరి నిర్వచనం చివరిదాకా చదివి వినిపించాడు.

సాగునీటి కోసమే కట్టినవి చిత్తడి నేలల కిందికి రావట. మాది అందుకే కట్టిన చెరువు. పోనీ, ఇప్పుడు ఫ్లోరైడ్ పుణ్యమా అని కృష్ణా నీళ్లు ఇందులోకి ఎత్తిపోసి తాగడానికి కూడా ఇస్తున్నారు కదా అంటే, తాగునీటి కోసం కట్టినవీ రావట. చేపల పెంపకానికి కట్టినవి, వినోదానికి కట్టినవి కూడా అంతేనట. చివరికి చెరువు కింద వరి పొలాలకూ చోటు లేదు. మా జిల్లాలో తడిగా ఉండేది ఇంకేం మిగిలిందండీ? ఆ జాబితాలో ఉప్పు మళ్లు కూడా ఉన్నాయి. సముద్రం మాకు పేరులోనే ఉంది కనుక ఆ ఒక్క నేరం మా మీద పడలేదు.

ఈ రాతినేల మీద మనిషి కట్ట పోయకపోతే నీళ్లు నిలిచేదెక్కడ? కట్ట పోసింది పొలం కోసమే, కానీ పిట్టలు వచ్చేది ఆ నీళ్లు చూసే. అవి జీవో చదువుకుని దిగవు. తమిళనాడులో పిట్టల అభయారణ్యం వేడంతాంగల్ కూడా పాత సాగు చెరువే. 2022లో రామ్‌సర్ జాబితాకు, అంటే చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం జాబితాకు, ఎక్కి కూర్చుంది. ఆ ఒప్పందం మనిషి కట్టినదా, దేవుడు కట్టినదా అని అడగదు మరి.

తమరి గడప బయట నిలబడ్డ చెరువుల సంగతి తమరికి ఎవరూ చెప్పి ఉండరు. ఎండాకాలం నీళ్లు వెనక్కి జరిగితే చాలు, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, హద్దురాళ్లకు కాళ్లొస్తాయి. వానలొచ్చాక చెరువు నిండి మత్తడి పోయాల్సిన నీళ్లు ఎవరి ప్రహరీనో ముంచితే, తప్పంతా చెరువుదే.

ఒక్క అనుమానం తీర్చండి. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవమని బళ్లలో బొమ్మల పోటీ పెడతారు. మా పిల్లలు పానగల్ చెరువు గీస్తే బహుమతి ఇస్తారా, లేక 'సాగునీటి కట్టడం' అని కింద రాయించి పక్కన పెట్టేస్తారా? కొంగను గీయొచ్చో లేదో కూడా ముందే చెబితే రంగులు కొనుక్కుంటారు.

ఇట్లు,
ఆయకట్టు చివరి మడి రైతు