‘కదిలిస్తే పోద్ది’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘కదిలిస్తే పోద్ది’ గారికి,

ఉభయకుశలోపరి. నెల్లూరు ఆటోనగర్ మొదలుకొని ఒంగోలు కర్నూలు రోడ్డు దాకా ఏ షెడ్డుకు పోయినా ముందు తమరే ఎదురొస్తున్నారు. పదేళ్లు దాటిన ఆటోమేటిక్ కారును ఆపి, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలబ్బా అని నోరు తెరిస్తే చాలు, బానెట్ ఎత్తకముందే తమరి వాక్కు వినబడుతుంది: ‘‘ఎందుకు సార్, బాగనే తిరగతా ఉండాది గదా. దాన్ని కదిలిస్తే పోద్ది.’’ స్పానర్ ముట్టుకోకుండా ఇన్ని గేర్‌బాక్సుల తలరాత రాసిన ఘనత మరొకరికి దక్కలేదు.

తమరికి పైస్థాయిలో చుట్టాలు కూడా ఉన్నారు. జర్మనీలో గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థ, తన ఆటోమేటిక్ బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో ఆయిల్ మార్చమంటుంది. ఆ బాక్సులనే కొని బిగించే కార్ల కంపెనీలు కొన్ని మాత్రం అసలు మార్చనక్కర్లేదంటాయి. వారంటీ దాటేదాకా బండి తిరిగితే వాళ్లకు చాలు. ఆ తర్వాత గేర్‌బాక్స్ దించేది, బిల్లు కట్టేది మన ఊళ్లోనే కదా.

తమరికి సాక్ష్యాలు లేవని అనం. ఆయిల్ మార్చిన వారానికే మూలపడిన బళ్లు ఉన్నాయి. కాని అవి షెడ్డుకు ఎప్పుడొచ్చాయి? లివర్‌ను డీ (డ్రైవ్)లో వేశాక రెండు సెకన్లకు గాని కదలకపోవడం, రెండో గేరు నుంచి మూడుకు పడేటప్పుడు ఇంజన్ ఊరికే అరవడం మొదలయ్యాక వచ్చాయి. అప్పటికే క్లచ్ ప్లేట్ల మీది రాపిడి పొర అరిగి, ఆ పొడి ఆయిల్లో తేలుతూ ఉంటుంది. ఆ పొడి ఇచ్చే కాస్త పట్టుతోనే బండి నెట్టుకొస్తూ ఉంటుందని, కొత్త ఆయిల్ పోస్తే ఆ పట్టూ పోతుందని మెకానిక్కులు అంటారు. పోయింది పాత అరుగుదల వల్ల, పేరు మాత్రం కొత్త డబ్బాకు. తమరు చంపించినవన్నీ ఇలా కొత్త ఆయిల్ ఖాతాలో రాసేస్తున్నారు. ఇక రెండో దోషి మెషిన్ ఫ్లష్, అంటే మెషిన్ తగిలించి పాత ఆయిలంతా ఒకేసారి తోసేయడం. అడుగున స్థిరపడిన మడ్డిని ఒత్తిడితో లేపి ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీ సన్న దారుల్లోకి, కరెంటుతో తెరుచుకునే వాల్వులైన సోలినాయిడ్లలోకి తోస్తుంది. పాత బండికి కింద బోల్టు విప్పి దిగినంత దింపి, దిగినంతే పోసే పద్ధతి చాలు.

అసలు ఆ ఆయిల్ మీద ఎంత బరువు పెట్టారో తమరికి ఎవరైనా చెప్పారా? టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ బలాన్ని గేర్లకు అందించేది అదే. క్లచ్‌లను ఒత్తిపట్టే ఒత్తిడీ దానిదే. పళ్లకు నునుపు, ప్లేట్లకు తగుమాత్రం పట్టు, మొత్తానికి చల్లదనం, అన్నీ దాని పనే. మే నెలలో ఏసీ వేసుకుని, డీలో పెట్టి బ్రేకు తొక్కుకుంటూ మాగుంట లేఔట్ అండర్‌బ్రిడ్జి దగ్గర పాకుతుంటే, కన్వర్టర్‌లో జారే బలమంతా వేడిగా ఆ ఆయిల్లోకే పోతుంది. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్ రంగుకు తిరిగి మాడు వాసన కొడుతుంటే, ‘‘రంగు మారితే ఏమవద్ది సార్’’ అంటారు తమరు.

రంగు దగ్గర తమరి శిష్యులు ఇంకో మెట్టు ఎక్కారు. ఎర్రగా ఉంటే అన్నీ ఒకటేనట. ఎరుపు వట్టి రంగు మందు. పాత హోండా సిటీ ఆటోమేటిక్‌కు ఒకప్పుడు జడ్-1 అనే ఆయిల్, ఇప్పుడు దాని స్థానంలో డీడబ్ల్యూ-1. నాలుగు గేర్ల ఐ10, ఐ20లకు ఎస్పీ-త్రీ. ఒకదాని చోట ఇంకొకటి పోస్తే క్లచ్ పట్టే తీరు మారి, గేరు పడేటప్పుడు బండి వణుకుతుంది. 2014 నుంచి వచ్చిన సిటీలో ఉన్నది సీవీటీ (గేర్లకు బదులు బెల్టు మీద నడిచే బాక్సు), దానికి హెచ్‌సీఎఫ్-2 తప్ప ఈ ఎర్రవి ఏవీ పనికిరావు. మారుతి సెలెరియో ఏజీఎస్ (క్లచ్, గేరు తనంతట తానే వేసే బండి) అయితే లోపల మామూలు మాన్యువల్ బాక్సే, గేర్ ఆయిలే పోయాలి. రెండు పెడళ్లు కనబడగానే ఒకే డబ్బా తెరిచేవారికి ఈ మాట తమరే చెప్పాలి, తమరి మాటే వింటారు గనుక.

పని ఎంత చిన్నదో పాత సిటీ మీద చెబుతాం, వినండి. పది, పదిహేను నిమిషాలు తిప్పి, చదునైన నేల మీద నాలుగు చక్రాలూ సమంగా ఉండేలా స్టాండ్లకెత్తాలి. గేర్‌బాక్స్ బోల్టుకు తలలో నాలుగు పలకల గుంట ఉంటుంది, 3/8 అంగుళాల రాట్చెట్ నేరుగా దూరుతుంది. ఇంజన్ ఆయిల్ బోల్టుకు మామూలు స్పానర్ తల. ఈ తేడా చూడక ఇంజన్ ఆయిల్ మారుస్తున్నామనుకుని గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఇంజన్‌లో రెండింతలు నింపి తాళంచెవి చేతికిచ్చే మహానుభావులూ ఉన్నారు. బోల్టు కొసన అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. గోటికి తగిలే మెరుపు ముక్కలుంటే ఆయిల్‌తో పని తీరదు.

దిగినదాన్ని కొలవాలి. సిటీలో సుమారు రెండున్నర లీటర్లు దిగుతుంది. కొత్త అల్యూమినియం వాషర్ వేసి, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో 49 న్యూటన్ మీటర్లకు బిగించాలి. బాక్సు ఒళ్లు అల్యూమినియం, పైపు తొడిగి బిగిస్తే మర పోతుంది. సన్న గొట్టం ఉన్న గరాటుతో దిగినంతే పోయాలి. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి, లివర్‌ను పీ (పార్క్) నుంచి కిందిదాకా ఒక్కో గేరులో నాలుగైదు సెకన్లు నిలపాలి. హోండాలో రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా వేడెక్కించి, ఇంజన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడాలి. నాలుగు గేర్ల హ్యుందాయ్‌లో ఇంజన్ తిరుగుతుండగానే చూడాలి. రెండింటికీ ఒకే పద్ధతి వాడితే లెక్క తప్పుతుంది. తక్కువైతే పంపు గాలి పీల్చి గేరు ఆలస్యంగా పడుతుంది. ఎక్కువైతే తిరిగే గేర్లు చిలికి నురగ చేస్తాయి, ఆ నురగకు ఒత్తిడి నిలవదు. డిప్‌స్టిక్‌ను బనీన్ వేస్ట్‌తో తుడవకండి. దాని పోగు ఒక్కటి వాల్వ్ బాడీలో చిక్కితే చాలు.

ఒకసారితో మొత్తం మారదు. కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉన్నది దిగదు. ఆరు లీటర్ల బాక్సులో రెండున్నర దింపిపోస్తే 58 శాతం పాతదే మిగులుతుంది. రెండోసారికి 34, మూడోసారికి 20. మధ్యలో కావలిదాకా పోయి వస్తే బాగా కలుస్తుంది. ఏడున్నర లీటర్లతో ఐదింట నాలుగు వంతులు కొత్తదవుతుంది, గేర్‌బాక్స్‌కూ ఒక్కసారిగా మార్పు తగలదు. తర్వాత 40,000 కిలోమీటర్లకోసారి ఒక విడత చాలు.

డిప్‌స్టిక్ లేని బాక్సులకు మన రోహిణి కార్తె ఒక చిక్కు తెస్తుంది. చాలావాటిలో ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఎక్కువైన ఆయిల్ కారిపోయే ఓవర్‌ఫ్లో బోల్టు విప్పి మట్టం చూడాలి. మధ్యాహ్నం బయటి గాలే 43 ఉంటే, స్టార్ట్ చేసిన కాసేపటికే ఆ గీత దాటిపోతుంది. వేడికి ఉబ్బిన ఆయిల్ అదనంగా కారిపోయి, అంతా సరిగ్గా ఉందనిపించి, చల్లారాక తక్కువ తేలుతుంది. స్కానర్‌లో ఉష్ణోగ్రత చూసుకుంటూ తెల్లవారుజామున చేయాలి. దింపే ముందే ఫిల్లింగ్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. తుప్పుపట్టి రాకపోతే ఖాళీ బాక్సుతో బండి అక్కడే ఉంటుంది.

తమరి మాట చెల్లే చోటు ఒకటుంది. గేర్లు జారుతూ, నల్ల ఆయిల్లో రేకులు తేలే బండిలో ఆయిల్‌ను నిజంగానే కదిలించక్కర్లేదు, గేర్‌బాక్స్‌నే దించి విప్పాల్సిందే. ఆయిల్ గులాబీ రంగులో పాలు కలిసినట్టుంటే అంతకన్నా అర్జెంటు. రేడియేటర్‌లోని కూలర్ పగిలి నీళ్లు కలిశాయి, లేదా బండి వరదలో మునిగింది. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర హైవే తెగిన పెన్నా వరద గుర్తుండే ఉంటుంది. నీళ్లు క్లచ్ పొరల జిగురును ఊడదీస్తాయి. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు ముందు ఆ డిప్‌స్టిక్ లాగి చూసేదీ అందుకే.

దిగిన పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వాలి. సర్వేపల్లి కాలువలో గుమ్మరించే ‘పోతే పోనీ’ గారు తమరి సొంత తమ్ముడని విన్నాం. ఆయనకు విడిగా రాస్తున్నాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాత ఆటోమేటిక్ బళ్లవాళ్లు