ఉగాది లెక్క వేరు

మార్చి 20న పగలూ రాత్రీ సరిసమానమని, మన ఉగాది దాని పండగేనని వ్యాసంలో రాశారు. రెండూ ఒప్పుకోలేను సార్. ఉగాది అమావాస్య మర్నాటి పాడ్యమి. అందుకే 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9కి జరిగింది. సూర్యుడు సరిగ్గా భూమధ్యరేఖ నెత్తిన ఉండే విషువత్తు క్షణం చూసుకుని, 'స'తో మొదలయ్యే ఏడు వస్తువులు పేర్చి కూర్చునేది ఇరానీయులు, వాళ్ల కొత్త సంవత్సరం పండగ నౌరూజ్‌కి.

ఇక సమానం సంగతి. బింబం పైఅంచు కనబడితే చాలు, సూర్యోదయం అనేస్తాం. పైగా గాలి వెలుగును వంచి, దిగంతం కింద ఉన్న సూర్యుణ్ణి కూడా చూపిస్తుంది. దాంతో మా నెల్లూరులో ఆ రోజు పగలు ఆరేడు నిమిషాలు ఎక్కువే. అసలు సమానమైన రోజు వారం ముందే వెళ్లిపోతుంది. విషువత్తు గుర్తు చూడాలంటే మార్చి 20 పొద్దున మా మైపాడు బీచ్‌కి రండి, సూర్యుడు నిక్కచ్చిగా తూర్పునే లేస్తాడు. పండగ ముందుగా పడిన ఏడు మాకున్న టెన్షనల్లా పచ్చడిలోకి వేపపువ్వు దొరుకుతుందా అనే!